ఆనవాలు – కల్పితయంత్రం

మన ప్రాచీన సాహిత్యంలో ఆనవాలుకు ఉన్న స్థానం విద్యార్థులకు కొత్తగా చెప్పవలసినది కాదు. అశోకవనంలో ఉన్న సీతకు హనుమంతుడు రాముని ఉంగరాన్ని చూపి తాను రామదూతనని నమ్మించాడు. కాళిదాసు తన నాటకానికి పేరు పెట్టేటప్పుడు శకుంతల పేరుకు ముందు ‘అభిజ్ఞానం’ అన్న మాటను నిలిపాడు. అభిజ్ఞానం అంటే గుర్తు. ఇక నన్నయ భారతంలో, అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో, దమయంతికి ఎదురైన చిక్కు వీటికంటే కఠినమైనది. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపం ధరించి స్వయంవర సభకు వచ్చారు. చూడబోతే ఐదుగురూ నలులే. ముఖాన్ని చూసి గాని, వేషాన్ని చూసి గాని, వారున్న వరుసను చూసి గాని అసలు నలుడెవరో చెప్పడానికి వీలులేకపోయింది. చివరకు ఆమెకు దారి చూపినవి వేరే గుర్తులు. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలోని పూలమాల వాడదు, పాదం నేలను తాకదు. నలునికి చెమట పట్టింది, రెప్ప పడింది, మాల వాడింది, నీడ కనిపించింది. దమయంతి అతనిని గుర్తించి వరించింది.

ఇటువంటి చిక్కే ఈనాడు కంప్యూటరు వ్యవస్థలను నిర్వహించేవారికి తరచుగా ఎదురవుతూ ఉంటుంది. వారి ముందు నిలిచేవి ‘వర్చువల్ మెషిన్లు’ అనే కల్పితయంత్రాలు. ఒక్కొక్క యంత్రానికి మూడో నాలుగో నెట్‌వర్క్ అడాప్టర్లు అమర్చి ఉంటాయి. అవన్నీ ఒకే రూపంతో, ఇంచుమించు ఒకే పేరుతో కనిపిస్తాయి. వాటిలో ఏది ఏ పనికి ఉద్దేశించినదో తెలుసుకోవాలి. అదీ ప్రతిసారీ మనిషి కూర్చుని చూసే అవసరం లేకుండా, ఒక స్క్రిప్టే తెలుసుకునేట్లు చేయాలి. ఈ పాఠంలో ఆ విధానాన్ని పరిశీలిద్దాం.

ముందుగా కల్పితయంత్రం అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఒక కంప్యూటరులోని ప్రాసెసరును, జ్ఞాపకశక్తిని, డిస్కును వాటాలుగా పంచి, ఒక్కొక్క వాటాను ఒక ప్రత్యేకమైన కంప్యూటరుగా భ్రమింపజేసే సాఫ్ట్‌వేరు ఉంది. దానిని ‘హైపర్‌వైజర్’ అంటారు. ఆ వాటాలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తాను నిజమైన యంత్రం మీదనే నడుస్తున్నట్లు పని చేస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1960 దశకంలోనే తన పెద్ద కంప్యూటర్ల మీద దీనిని సాధించి, 1972లో వీఎం/370 అన్న పేరుతో ప్రకటించింది. చిన్న కంప్యూటర్ల మీద ఇది వ్యాప్తిలోకి రావడానికి మరికొంత కాలం పట్టింది. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ మరుసటి సంవత్సరమే తన మొదటి ఉత్పత్తిని విడుదల చేసింది. ఆ తరువాత 2003లో జెన్, 2007లో కేవీఎం, వర్చువల్‌బాక్స్, 2008లో మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి వచ్చాయి.

అసలు కంప్యూటరును ‘హోస్టు’ అని, దానిపై నడిచే కల్పితయంత్రాన్ని ‘గెస్టు’ అని ఇంగ్లీషులో వ్యవహరిస్తారు. మన భాషలో ఆతిథేయి, అతిథి అని చక్కగా చెప్పుకోవచ్చు. ఈ పేర్లు పెట్టినవారెవరో గాని రసజ్ఞులే అయి ఉండాలి. ఇంట్లో ఏ గదికి ఎన్ని తలుపులున్నాయో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆతిథేయికి తెలుసు. అతిథికి తన గది లోపలినుంచి కనిపించే తలుపులు మాత్రమే తెలుసు. అవి ఎటు తెరుచుకుంటాయో తెలియదు. మన సమస్య అంతా ఈ ఎడంలోనే పుట్టింది.

ఆ తలుపులే నెట్‌వర్క్ అడాప్టర్లు. మామూలు కంప్యూటరులో అడాప్టర్ ఒక వస్తువు. దానికి వెనుకవైపు ఒక రంధ్రం, ఆ రంధ్రంలో ఒక తీగ, తీగ రెండో కొస స్విచ్‌లో ఉంటాయి. అనుమానం కలిగితే తీగ వెంట వేలు పెట్టి పోవచ్చు. కల్పితయంత్రంలో తీగా లేదు, రంధ్రమూ లేదు. హైపర్‌వైజర్ ఒక అడాప్టర్‌ను కల్పించి, దానిని తనలోనే ఉన్న ఒక కల్పిత స్విచ్‌కు కలుపుతుంది. ఆ కలయిక ఆతిథేయి వద్ద ఉన్న అమరికల్లో ఒక పంక్తిగా మాత్రమే ఉంటుంది.

ఒక యంత్రానికి ఒకే అడాప్టర్ ఉంటే ఈ పాఠంతో పని లేదు. అయితే బాధ్యతాయుతమైన పనులు చేసే యంత్రాలకు ఒకటి చాలదు. ఒక వైద్యశాలను ఊహించండి. రోగుల పరీక్షల ఫలితాలను చూపించే కంప్యూటరు ఒకటి అక్కడ ఉంది. దాని మొదటి అడాప్టర్ ఇంటర్నెట్ వైపు తెరుచుకుంటుంది. రోగులు తమ ఇళ్లనుంచి ఫలితాలను చూసుకునేది ఈ ద్వారం గుండానే. రెండవది లోపలి డేటాబేసుకు పోతుంది; అందరి వైద్య వివరాలూ అక్కడ ఉంటాయి. మూడవది రాత్రివేళ ప్రతులు తీసి భద్రపరచే బ్యాకప్ వ్యవస్థకు పోతుంది. బయటి ద్వారానికి గట్టి కాపలా ఉండాలి. లోపలి ద్వారానికి కొన్ని సడలింపులు తప్పవు. ఆ కాపలాలను, సడలింపులను అడాప్టర్ పేరును బట్టి నిర్ణయిస్తూ ఒకరు స్క్రిప్టు రాశారనుకుందాం. పేర్లు తారుమారైతే ఏమవుతుంది? లోపలి వైపు గట్టి కాపలా పడితే డేటాబేసు అందదు, వైద్యుని ముందున్న తెర ఖాళీగా మిగులుతుంది, వెంటనే గగ్గోలు పుడుతుంది, అరగంటలో ఎవరో ఒకరు వచ్చి సరిచేస్తారు. బయటి ద్వారానికి సడలింపు పడితే మాత్రం ఏ గగ్గోలూ పుట్టదు. పని యథాప్రకారం సాగిపోతుంది. తలుపు తెరిచి ఉందన్న సంగతి దొంగకు తెలిసేవరకు యజమానికి తెలియదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో విద్యార్థులే ఆలోచించాలి.

పేర్లు తారుమారు ఎందుకవుతాయి? విండోస్‌లో మొదటి అడాప్టర్‌కు ‘ఈథర్నెట్’ అని, తరువాతివాటికి ‘ఈథర్నెట్ 2’, ‘ఈథర్నెట్ 3’ అని పేర్లు వస్తాయి. వాటి వివరణ చూద్దామంటే, హైపర్-వి అతిథిలో ‘మైక్రోసాఫ్ట్ హైపర్-వి నెట్‌వర్క్ అడాప్టర్’ అన్న ఒకే మాట అన్నింటికీ ఉంటుంది, చివర ఒక సంఖ్య మాత్రమే మారుతుంది. ఈ సంఖ్యలు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అడాప్టర్లను కనుగొన్న క్రమాన్ని తెలుపుతాయే తప్ప, ఆతిథేయి వాటిని అమర్చిన క్రమాన్ని తెలపవు. రెండు క్రమాలూ ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. నాలుగు యంత్రాలలో సరిపోయిన వరుస ఐదవ యంత్రంలో సరిపోకపోవడం ఈ రంగంలో ఉన్నవారికి పరిచితమే.

లైనక్స్‌లో ఈ కథ మరింత రసవత్తరంగా నడిచింది. పూర్వం అడాప్టర్లకు ‘ఈటీహెచ్0’, ‘ఈటీహెచ్1’ అంటూ కనుగొన్న వరుసలో పేర్లు పెట్టేవారు. వరుస మారితే పేరు మారుతున్నదని గ్రహించి, ఒకసారి చూసిన అడాప్టర్ గుర్తును ఒక ఫైలులో రాసుకుని, దానికి ఆ పేరునే శాశ్వతం చేసే ఏర్పాటు చేశారు. కల్పితయంత్రాలు వచ్చాక ఆ మందే రోగమైంది. కల్పితయంత్రానికి నకలు తీయడం చాలా సులభం. నకలు తీసినప్పుడు ఆ ఫైలు కూడా నకలులోకి వస్తుంది, కాని అడాప్టర్ గుర్తు కొత్తదవుతుంది. ‘ఈటీహెచ్0’ అన్న పేరు పాత గుర్తుకు కేటాయించి ఉంది కనుక, కొత్త యంత్రంలోని ఏకైక అడాప్టర్ ‘ఈటీహెచ్1’ అవుతుంది. నెట్‌వర్క్ అమరికలన్నీ ‘ఈటీహెచ్0’ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఊరు విడిచి పోయినవాని పేరుతో ఇల్లు తాళం వేసి ఉంచి, వచ్చినవానిని అరుగు మీద పడుకోబెట్టినట్లు ఉంటుంది ఈ స్థితి. 2013లో సిస్టమ్‌డీ అనే వ్యవస్థ దీనికి పరిష్కారంగా అడాప్టర్ అమరి ఉన్న స్థానాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. వర్చువల్‌బాక్స్ అతిథిలో తరచుగా కనిపించే ‘ఈఎన్‌పీ0ఎస్3’ అన్న వింత పేరు దాని ఫలితమే. అందులో ‘ఈఎన్’ ఈథర్నెట్‌ను, తరువాతి అక్షరాలు, అంకెలు అది ఏ మార్గంలో ఎన్నవ అర వద్ద ఉన్నదో ఆ వివరాన్ని తెలుపుతాయి. వినడానికి కఠినంగా ఉన్నా ఇది అర్థవంతమైన పేరు. అయినా అడాప్టర్ ఏ కల్పిత స్విచ్‌కు కలిసి ఉన్నదో మాత్రం ఈ పేరు కూడా చెప్పలేదు.

కనుక పేరును, వరుసను పక్కన పెట్టి, ఆతిథేయి వైపు నుంచి చూసినా అతిథి వైపు నుంచి చూసినా ఒకే విధంగా కనిపించే గుర్తు ఒకటి కావాలి. అటువంటిది ‘మాక్ అడ్రసు’. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, ఆయన సహచరులు ఈథర్నెట్‌కు రూపకల్పన చేశారు. ఆ ఈథర్నెట్ ప్రమాణాల ప్రకారం ప్రతి అడాప్టర్‌కు 48 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. దానిని రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా రాస్తారు. ఇక్కడ లెక్క పదహారు మూలంగా సాగుతుంది కనుక 0 నుంచి 9 వరకు అంకెలు అయిపోగానే ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అన్న అక్షరాలు వస్తాయి. మొదటి మూడు జతలు తయారీదారుకు చెందినవి. ఐఈఈఈ అనే అంతర్జాతీయ సంస్థ వాటిని కేటాయిస్తుంది. చివరి మూడు జతలను తయారీదారు తన ఇష్టప్రకారం పంచుకోవచ్చు. వాటితో 1,67,77,216 చిరునామాలు ఏర్పడతాయి. ఒక విధంగా మొదటి సగం ఇంటిపేరు, రెండవ సగం సొంతపేరు.

కల్పిత అడాప్టర్లకు కూడా ఈ ఇంటిపేర్లు ఉన్నాయి. హైపర్-వి ఇచ్చే చిరునామా 00-15-5డి అని మొదలవుతుంది. వీఎంవేర్‌కు 00-50-56, 00-05-69 వంటివి ఉన్నాయి. జెన్‌కు 00-16-3ఇ ఉంది. వర్చువల్‌బాక్స్ 08-00-27ను వాడుతుంది. ఐఈఈఈ జాబితాలో వెదికితే ఆ సంఖ్య ఎదుట వేరొక సంస్థ పేరు కనిపించి చూసేవారిని కలవరపెడుతుంది. కేవీఎం వాడే 52-54-00 అసలు ఏ సంస్థకూ కేటాయించినది కాదు. మొదటి జతలోని రెండవ అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే, ఆ చిరునామా కర్మాగారంలో పుట్టినది కాదని, ఎక్కడికక్కడ పెట్టుకున్నదని అర్థం. 52లోని 2 ఆ సంగతినే చెబుతున్నది.

ఈ జాబితా చేతికి అందగానే కొందరు తొందరపడి ఒక నిర్ణయానికి వస్తారు. ‘00-15-5డితో మొదలైతే అది కల్పితయంత్రమే’ అని స్క్రిప్టులో రాసేస్తారు. మన తర్కశాస్త్రం ధూమాన్ని చూసి అగ్నిని ఊహించడానికి ముందు, ధూమం ఉన్న ప్రతిచోటా అగ్ని ఉంటుందన్న నియమాన్ని స్థిరపరచుకోమంటుంది. ఇక్కడ ఆ నియమం నిలవదు. హైపర్-వి నడిపే ఆతిథేయి, నిజమైన కంప్యూటరై ఉండి కూడా, తన కల్పిత స్విచ్‌ల కోసం 00-15-5డితో మొదలయ్యే అడాప్టర్లను తనలో పెట్టుకుంటుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌ను స్థాపించిన మామూలు కంప్యూటరులో 00-50-56తో మొదలయ్యే అడాప్టర్లు రెండు వచ్చి చేరతాయి. అభిజ్ఞాన శాకుంతలంలో చేపకడుపున దొరికిన రాజముద్రికను చేతిలో చూసి భటులు బెస్తవానిని దొంగ అన్నారు. ఉంగరం రాజుదే, కాని అది ఉన్న చేయి దొంగది కాదు. ఇంటిపేరు మనకు ఒక సూచనను ఇస్తుంది, అంతవరకే. యంత్రం కల్పితమా కాదా అన్నది తేల్చడానికి యంత్రపు తయారీదారు పేరు, నమూనా పేరు వంటి ఇతర వివరాలను కూడా అడగాలి.

మరి మనకు కావలసిన గుర్తింపు ఎలా సాధ్యం? అది రెండు వైపుల సాక్ష్యం మీద ఆధారపడుతుంది. హనుమంతుడు రాముని ఉంగరాన్ని సీతకు ఇచ్చి ఊరుకోలేదు. సీత ఇచ్చిన చూడామణిని తెచ్చి రామునికి ఇచ్చాడు. అప్పుడు గాని రెండు వైపులా నమ్మకం కుదరలేదు. మన స్క్రిప్టు కూడా అదే దౌత్యాన్ని చేయాలి.

స్క్రిప్టు అన్న మాట నాటకప్రతికి కూడా చెల్లుతుంది. ప్రతిలో రాసి ఉన్న వరుసలో నటుడు నడుచుకున్నట్లు, స్క్రిప్టులోని ఆజ్ఞలను కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటిగా నెరవేరుస్తుంది. విండోస్‌లో ఇందుకు 2006లో వెలువడిన పవర్‌షెల్ అనుకూలమైనది. 2012 నాటి విండోస్ సర్వర్‌తో దానికి హైపర్-వి ఆజ్ఞల సముదాయం తోడైంది. ఆతిథేయి వద్ద ‘గెట్-వీఎంనెట్‌వర్క్‌అడాప్టర్’ అన్న ఆజ్ఞ ఇస్తే, కల్పితయంత్రం పేరు, దాని ప్రతి అడాప్టర్‌కు నిర్వాహకుడు పెట్టిన పేరు, అది కలిసి ఉన్న స్విచ్, దాని మాక్ అడ్రసు వరుసగా వస్తాయి. ఇది ఆతిథేయి సాక్ష్యం. అతిథి లోపల ‘గెట్-నెట్‌అడాప్టర్’ అన్న ఆజ్ఞ ఇస్తే, అక్కడ కనిపించే పేరు, వివరణ, మాక్ అడ్రసు వస్తాయి. ఇది అతిథి సాక్ష్యం. రెండు పట్టికలలోనూ ఉన్నది మాక్ అడ్రసు ఒక్కటే. దానిని పట్టుకుని మొదటి పట్టికలోని పంక్తిని రెండవ పట్టికలోని పంక్తికి జోడించాలి.

వినడానికి ఇంత సులభంగా ఉన్న పని మొదటి ప్రయత్నంలోనే విఫలమవుతుంది. కారణం చాలా చిన్నది. ఆతిథేయి ఆ చిరునామాను పన్నెండు అక్షరాలు కలిపి 00155డి0ఎ1400 అని చెబుతుంది. అతిథి దానినే అడ్డగీతలతో విడదీసి 00-15-5డి-0ఎ-14-00 అని చెబుతుంది. మనిషి కంటికి రెండూ ఒకటే. స్క్రిప్టుకు రెండూ వేరు వేరు మాటలు. అతిథి లైనక్స్ అయితే అడ్డగీతల స్థానంలో రెండేసి చుక్కలు వస్తాయి, ఇంగ్లీషులోని పెద్ద అక్షరాలకు బదులు చిన్న అక్షరాలు వస్తాయి. పవర్‌షెల్ పోల్చేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడాను సాధారణంగా పట్టించుకోదు, లైనక్స్ షెల్ పట్టించుకుంటుంది. ఛందస్సు చదివిన విద్యార్థులకు ఇది సుబోధకం. అ, ఆ, ఐ, ఔలు వేరు వేరు అచ్చులే అయినా యతిస్థానంలో వాటికి మైత్రి చెల్లుతుంది. ఏ తేడా లెక్కకు వస్తుందో, ఏ తేడా రాదో లాక్షణికుడు ముందుగా చెప్పి ఉంచాడు కనుకనే కవికి, పాఠకునికి వివాదం రాదు. అలాగే స్క్రిప్టు కూడా పోలిక ప్రారంభించే ముందు రెండు వైపుల చిరునామాలలోని గీతలను, చుక్కలను తొలగించి, అన్నిటినీ పెద్ద అక్షరాలలోకి మార్చి, ఒకే రూపానికి తేవాలి. పోలిక ఆ తరువాతి మాట.

దీని తరువాత మరొక మెలిక ఉంది. హైపర్-విలో అడాప్టర్‌కు చిరునామా ఇచ్చే పద్ధతులు రెండు. నిర్వాహకుడే నిర్ణయించి ఇస్తే అది స్థిరం. హైపర్-వి తనంతట తాను ఇస్తే అది అస్థిరం. రెండవ పద్ధతిలో, యంత్రం మొదటిసారి ప్రారంభమయ్యే వరకు చిరునామా పుట్టనే పుట్టదు. అంతవరకు అడిగితే పన్నెండు సున్నాలు వస్తాయి. కొత్తగా చేసిన యంత్రాన్ని ఇంకా ప్రారంభించకముందే స్క్రిప్టును నడిపితే, దాని మూడు అడాప్టర్లకూ ఒకే చిరునామా ఉన్నట్లు కనిపిస్తుంది. నామకరణం కాని శిశువుల పేర్లు అడిగినట్లు అన్నమాట. సున్నాలు కనిపిస్తే అది చిరునామా కాదని గ్రహించి, ఆగి, యంత్రాన్ని ప్రారంభించిన తరువాత మళ్లీ అడిగే ఏర్పాటు స్క్రిప్టులో ఉండి తీరాలి.

హైపర్-వి ఇచ్చే ఈ అస్థిర చిరునామా ఎక్కడి నుంచి పుడుతుందో కూడా తెలుసుకోవడం మంచిది. మొదటి మూడు జతలు 00-15-5డి. తరువాతి రెండు జతలు ఆతిథేయి ఐపీ చిరునామాలోని చివరి రెండు సంఖ్యలనుంచి వస్తాయి. ఆతిథేయి చిరునామా 192.168.10.20 అయితే, 10 పదహారు మూలంలో 0ఎ అవుతుంది, 20 అక్కడ 14 అవుతుంది. పైన ఉదాహరించిన చిరునామా అలా వచ్చినదే. చివరి జత 00 నుంచి ఎఫ్ఎఫ్ వరకు మారుతూ 256 అడాప్టర్లకు సరిపోతుంది. ఇది తెలివైన ఏర్పాటే. అయితే ఒకే అచ్చునుంచి నకలు తీసిన రెండు ఆతిథేయిలు ఒకే పరిధిలోని చిరునామాలను పంచిపెట్టడం మొదలుపెడితే, రెండు వేరు వేరు యంత్రాలకు ఒకే మాక్ అడ్రసు రావచ్చు. అప్పుడు స్విచ్ ఆ చిరునామాకు వచ్చిన సమాచారాన్ని కొంతసేపు ఒకవైపుకు, కొంతసేపు మరొకవైపుకు పంపుతుంది. రెండు యంత్రాలూ పూర్తిగా ఆగిపోవు, పూర్తిగా పని చేయవు. కారణం తెలియక రోజుల తరబడి వెదికించే జబ్బు ఇది. అస్థిర చిరునామా గల యంత్రం వేరొక ఆతిథేయి మీదికి తరలి, అక్కడ తిరిగి ప్రారంభమైనప్పుడు చిరునామా మారే అవకాశం కూడా ఉంది. అందువల్ల మూడు నాలుగు అడాప్టర్లున్న ముఖ్యమైన యంత్రాలకు స్థిరమైన చిరునామాలు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఈ విషయంలో ఒక చక్కని మర్యాదను పాటిస్తుంది. యంత్రపు ఫైళ్లు ఉన్న చోటు మారినట్లు గమనిస్తే, దీనిని తరలించారా, నకలు తీశారా అని వినియోగదారుని అడుగుతుంది. తరలించామంటే పాత గుర్తులను ఉంచుతుంది. నకలు తీశామంటే కొత్త గుర్తులను ఇస్తుంది. ప్రశ్నను చదవకుండా ఏదో ఒకటి నొక్కేవారికి తరువాతి చిక్కులన్నీ సంప్రాప్తిస్తాయి.

ఒకే చిరునామా రెండుచోట్ల కనిపించడం ప్రతిసారీ దోషం కాదన్న సంగతిని కూడా గమనించాలి. అతిథి లోపల రెండు అడాప్టర్లను జట్టుగా కలిపితే, ఆ జట్టు పేరుతో మూడవ అడాప్టర్ ఒకటి పుడుతుంది. అది సభ్యులలో ఒకరి చిరునామాను తనదిగా చెప్పుకుంటుంది. ఆతిథేయి వద్ద కూడా అసలైన అడాప్టర్ మీద కల్పిత స్విచ్‌ను నిర్మించి, దానిని ఆతిథేయి కూడా వాడుకునేట్లు చేస్తే, కొత్తగా పుట్టిన ‘వీఈథర్నెట్’ అసలు అడాప్టర్ చిరునామానే ధరిస్తుంది. ఇటువంటిచోట మాక్ అడ్రసుతో పాటు వివరణను కూడా చూసి, జట్టును వేరుగా, సభ్యుని వేరుగా గుర్తించాలి. దమయంతి కూడా ఒక్క గుర్తుతో తృప్తి పడలేదు కదా!

సరిపోలిన తరువాత స్క్రిప్టు చేయవలసినది స్వల్పమే. ఆతిథేయి వద్ద ‘డేటాబేసు’ అన్న పేరున్న అడాప్టర్ అతిథిలో ‘ఈథర్నెట్ 3’గా ఉన్నదని తేలితే, అతిథిలో కూడా దాని పేరును ‘డేటాబేసు’ అని మార్చాలి. ఆ తరువాత కాపలా నియమాలనూ, ఐపీ చిరునామాలనూ ఆ పేరును బట్టి ఇవ్వవచ్చు. అయితే ఈ మార్పు చేయడానికి ఒక షరతు ఉంది. ఆతిథేయి చెప్పిన చిరునామాకు అతిథిలో సరిపోయేది సరిగ్గా ఒక్కటే ఉండాలి. ఒక్కటీ లేకపోయినా, రెండు దొరికినా స్క్రిప్టు దేనినీ తాకకుండా ఆగి, ఏ యంత్రంలో ఏ అడాప్టర్ వద్ద ఆగిందో రాసిపెట్టాలి. తెలియనప్పుడు మొదటిదానిని ఎంచుకునే స్క్రిప్టులు లోకంలో చాలా ఉన్నాయి. వైద్యశాల ఉదాహరణలో చెప్పుకున్న తెరిచిన తలుపు అటువంటి స్క్రిప్టు చేతి చలవే.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక సందేహం అడుగుతాడు. అతిథిలో నెట్‌వర్క్ ఇంకా సిద్ధం కాలేదు కదా, ఆతిథేయి నుంచి అతిథి లోపలికి ఆజ్ఞ ఎలా పోతుంది? ఇది సమంజసమైన ప్రశ్న. చాలాకాలం నిర్వాహకులు ప్రతి అతిథి తెరనూ విడిగా తెరిచి, ఆతిథేయి వద్ద ఒక్కొక్క అడాప్టర్ కల్పిత తీగను విడదీసి, అతిథిలో దేనికి ‘తీగ లేదు’ అన్న గుర్తు వచ్చిందో కంటితో చూసి రాసుకునేవారు. ఐదారు యంత్రాలకైతే ఆ పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. వందల యంత్రాలున్న చోట అది కుదిరే పని కాదు. విండోస్ సర్వర్ 2016, విండోస్ 10లతో వచ్చిన ‘పవర్‌షెల్ డైరెక్ట్’ ఈ ఇబ్బందిని తీర్చింది. ఆతిథేయికి, అతిథికి మధ్య నెట్‌వర్క్‌తో సంబంధం లేని అంతర్మార్గం ఒకటి ఉంది. అతిథి కూడా ఆ తరానికి లేదా తరువాతి తరానికి చెందిన విండోస్ అయితే, దాని వినియోగదారు పేరు, సంకేతపదం తెలిసిన నిర్వాహకుడు ఆ మార్గం గుండా లోపలికి ఆజ్ఞలు పంపవచ్చు. ఒకే స్క్రిప్టు ఆతిథేయి వద్ద కూర్చుని రెండు సాక్ష్యాలనూ తానే సేకరించగలదు.

అదే 2016 తరంలో మరొక సదుపాయం కూడా వచ్చింది. రెండవ తరానికి చెందిన హైపర్-వి యంత్రాలలో అడాప్టర్‌కు ‘డివైస్ నేమింగ్’ అన్న అమరికను అనుమతిస్తే, ఆతిథేయి వద్ద పెట్టిన పేరు అతిథి లోపలికి కూడా చేరుతుంది. అయితే అది అతిథిలోని అడాప్టర్ పేరును తనంతట తాను మార్చదు. అడాప్టర్ ప్రత్యేక లక్షణాల పట్టికలో, ‘హైపర్-వి నెట్‌వర్క్ అడాప్టర్ నేమ్’ అన్న శీర్షిక కింద ఒక విలువగా నిలుస్తుంది. స్క్రిప్టు దానిని చదివి పేరు మార్చుకోవాలి. మాక్ అడ్రసును పోల్చే శ్రమ ఇందులో తప్పుతుంది. పాత యంత్రాలకు, మొదటి తరం యంత్రాలకు మాత్రం పోల్చే పద్ధతే శరణ్యం.

గుర్తింపు ఒకసారితో ముగిసేది కాదు కనుక, స్క్రిప్టు ప్రతిసారీ యంత్రం పేరు, అడాప్టర్ పేరు, స్విచ్ పేరు, మాక్ అడ్రసు, తేదీ అన్న ఐదు వివరాలను ఒక ఫైలులో భద్రపరచేట్లు రాస్తారు. తరువాత నడిపినప్పుడు పాత పట్టికను కొత్త పట్టికతో పోల్చి చూస్తుంది. స్థిరమైన చిరునామా ఉండవలసిన చోట కొత్త చిరునామా కనిపిస్తే, ఎవరో ఆ యంత్రానికి నకలు తీశారనో, అడాప్టర్‌ను తొలగించి మళ్లీ చేర్చారనో ఊహించవచ్చు. చిరునామా మారకుండా స్విచ్ మాత్రం మారితే, తలుపు అదే, అది తెరుచుకునే వీధి మారిందని అర్థం. ఈ రెండవ పంక్తిని నిర్వాహకుడు ముందుగా చదవాలి.